గవ్వ గుర్తు మాస్టరూ, గిన్నెల మీద పేర్లూ

నాలుగువందల యాభై ఏళ్ళ కిందట పోయిన మనిషి పేరు తెలియలేదని కళ్ళు తుడుచుకునే పెద్దమనిషిని నేను కళ్ళారా చూశాను. అబద్ధం కాదు. మ్యూజియంలో, పట్టపగలు, జేబురుమాలు తీసి మరీ తుడుచుకున్నాడు. ఆయన మా మ్యూజియంకి వచ్చే యూనివర్సిటీ ప్రొఫెసరు. నాలుగేళ్ళపాటు వారానికి రెండుసార్లు నా బల్ల దగ్గరికొచ్చి, నాలుగేళ్ళూ నన్ను "డియర్" అనే పిలిచాడు. నా పేరు అడిగితే నోరు అరిగిపోతుందనుకున్నాడు కాబోలు.

ఎనభైల మొదట్లో సంగతిది. మేం అమెరికాలో క్యారీ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. మా ఆయన రీసెర్చ్ పార్క్‌లో ఒక మందుల కంపెనీలో కెమిస్టు. నాకు మన దగ్గర బొమ్మల కాలేజీలో చేసిన డిప్లొమా ఒకటుంది. దాన్ని చూసి అమెరికాలో ఎవరూ మూర్ఛపోలేదు. గ్రీన్‌కార్డు వచ్చాక, అరగంట డ్రైవ్ దూరంలో ఉన్న ఒక యూనివర్సిటీ మ్యూజియంలో ఉద్యోగం దొరికింది. ఏం ఉద్యోగమంటే, అట్టలు కోయడం. పాత కాగితం బొమ్మలుంటాయి కదా, ఒక్కొక్క దాని చుట్టూ కిటికీలాగా తెల్లట్ట కోసి అమర్చాలి. వెనక పల్చటి కాగితంతో రెండు చోట్ల అంటించాలి. వేలిముద్ర పడకూడదు. తుమ్మకూడదు. నాకంటే ముందు ఆ పని చేసినావిడ పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది, ఆవిడ ఆప్రాన్ నాకిచ్చారు. దాని మీద ఆవిడ పేరు కుట్టి ఉంది. మొదటి ఏడాదంతా సగంమంది నన్ను ఆ పేరుతోనే పిలిచారు, నేనూ పలికాను.

ఆ కాగితం బొమ్మల గదిలో అందరికీ దేవుడు ఒక్కడే, గవ్వ గుర్తు మాస్టరు. ఇటలీవాడు. రాగిరేకు మీద ఉలితో గీతలు తవ్వి, ఆ గాట్లలో సిరా పూసి, తడి కాగితం వేసి గట్టిగా నొక్కితే బొమ్మ అచ్చు పడుతుంది. ఆ పని చేసేవాడు. పేరు తెలీదు, ఊరు తెలీదు, పెళ్ళయిందో లేదో తెలీదు. ప్రతి బొమ్మలోనూ ఏదో ఒక మూల చిన్న గవ్వ చెక్కేవాడు, అంతే. దాన్ని బట్టి పండితులు ఆయనకా పేరు తగిలించారు. మా మ్యూజియంలో ఆయనవి పన్నెండు బొమ్మలున్నాయి. అన్నీ వాళ్ళ పురాణాలే. ఇక ఆ పురాణాలు చెప్పాలంటే, వాళ్ళ దేవతల రాజుకి పరాయి ఆడపిల్ల కంటపడితే చాలు, ఎద్దవుతాడు, హంసవుతాడు, ఒకచోటైతే బంగారు వానగా మారి పైకప్పు సందులోంచి కురుస్తాడు. మనవాళ్ళూ తక్కువ తినలేదనుకోండి, కానీ మనం వాటిని "మానవ కాంక్షకు ప్రతీక" అని గోడకి పలక వేసి తగిలించుకోం. ఒక బొమ్మలో పిల్లేమో పరిగెడుతూ పరిగెడుతూ చెట్టయిపోతుంటుంది, వెనక దేవుడు చేతులు చాపి నిలబడి ఉంటాడు. దాని ముందు నిలబడి ప్రొఫెసరు "ఆహా, ఎంత సున్నితం!" అనేవాడు. ఆ పిల్లనడిగితే తెలుస్తుంది సున్నితం సంగతి.

బొమ్మలు మాత్రం గొప్పవి. అది ఒప్పుకోకపోతే కళ్ళు పోతాయి. చెట్టవుతున్న పిల్ల వేళ్ళ చివర ఆకులు మొలిచేచోట గీతలు ఎంత సన్నమంటే, నేను ఊపిరి బిగబట్టి చూసేదాన్ని.

ఈ పన్నెండింటికీ పెద్ద ఎగ్జిబిషన్ పెట్టి, పుస్తకం వెయ్యాలని తలపెట్టారు. మా క్యూరేటరమ్మ, అంటే ఆ గదికంతటికీ అధికారి, సన్నటి మనిషి, చెవులకి ముత్యాలు, ఆవిడ పుస్తకం రాయడానికి కూర్చుంది. ప్రొఫెసరు తన సిద్ధాంతం పట్టుకొచ్చాడు. ఏమిటయ్యా అంటే, పన్నెండింట్లో మొదటి ఏడింటిలో గీతల చివరలు సూదిలా సన్నబడి ఆగుతాయట, చివరి ఐదింటిలో మొద్దుగా తెగిపోతాయట. కాబట్టి మొదటి ఏడూ మాస్టరువి, తర్వాతి ఐదూ మాస్టరు చచ్చిపోయాక గవ్వ గుర్తు దొంగిలించి శిష్యుడు చేసినవి. ఊరికే శిష్యుడని ఊరుకున్నాడా! ఆ శిష్యుడికి అసూయ, తొందరపాటు, ప్రతిభ తక్కువ, బహుశా తాగుడు కూడానట. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని మా అమ్మ అనేది. ఆ రోజే ఆయన రుమాలు తీసింది. "మహానుభావుడు, పేరైనా మిగల్లేదు, మిగిలిన కాస్త గుర్తునీ ఆ దొంగ ఎత్తుకుపోయాడు" అని కళ్ళు ఒత్తుకున్నాడు. పుట్టని మనిషి మీద దొంగతనం మోపి, దానికి ఏడుపొకటి.

నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే ఆ మొద్దు గీతలు నాకు తెలుసు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ తెలుసు.

మా నాన్న గిన్నెల మీద పేర్లు చెక్కేవాడు. ఈ ముక్క ఇప్పుడిలా రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. మా ఊరి బజారులో ఒక షావుకారు పాత్రల కొట్టు ఉండేది. ఆ కొట్టు మెట్టు మీద గోనెపట్టా వేసుకుని, చిన్న సుత్తీ ఉలీ పెట్టుకుని కూర్చునేవాడు. మనవాళ్ళ సంగతి తెలిసిందే కదా, అరచేతిలో పట్టే గిన్నె పెళ్ళికి కానుకిచ్చి, దాని మీద గిన్నె చుట్టుకొలతకి మించిన పేరు చెక్కిస్తారు. ఇంటిపేరు, పేరు, భార్య పేరు, తారీకు, వీలైతే ఉద్యోగం. రేపు ఎవరైనా పప్పు పోసుకునేటప్పుడు వీళ్ళని తలుచుకోవాలి మరి! నాన్న విసుక్కోకుండా టిక్కు టిక్కుమని కొట్టేవాడు. చెంబు మోకాలికి ఆనించి, చెయ్యి కదపకుండా చెంబునే తిప్పుతూ చెక్కేవాడు. ఇంగ్లీషు చదవడం రాదు కానీ, పెద్దక్షరాలు మాత్రం ముత్యాల్లా చెక్కేవాడు. ఊళ్ళో కొత్తగా డబ్బొచ్చినవాళ్ళకి ఇంగ్లీషులో ఉంటేనే గొప్ప. ఊరందరి పేర్లూ ఆయన చేతి మీదుగా పోయాయి. ఆయన పేరు మాత్రం ఏ గిన్నె మీదా లేదు. మా ఇంట్లో గిన్నెల మీద కూడా మా అమ్మ పేరే.

ఆయన దగ్గరొక విద్య ఉండేది. ఎవరింటి గిన్నె తెచ్చి చూపించినా, ఇది ఫలానా ఊరివాడు చెక్కినది అని చెప్పేసేవాడు. అక్షరాలు చూసి కాదు. "అక్షరం ఎవడైనా నేర్చుకుంటాడే. జారుడు చూడాలి" అనేవాడు. ఉలి ఎంత గట్టిగా పట్టుకున్నా ఎప్పుడో ఒకప్పుడు జారుతుంది. జారినచోట వెంట్రుకంత గీత బయటికి పోతుంది. అది మనిషి కూర్చునే తీరులోంచి, చెంబు ఆనించే మోకాలిలోంచి వస్తుందట. ఒక్కొక్కడి జారుడు ఒక్కొక్క వైపుకి, ఒక్కొక్క పొడవు. గురువు చేతిరాత శిష్యుడికి వస్తుంది కానీ గురువు జారుడు శిష్యుడికి రాదు.

సరే. ఒకరోజు అట్టలు మార్చే వంకతో పన్నెండు బొమ్మలూ భూతద్దం కింద పెట్టుకుని జారుళ్ళు వెతికాను. ఏడింటిలోనూ ఉన్నాయి, ఐదింటిలోనూ ఉన్నాయి. అన్నీ ఒకే వైపుకి, ఒకే పొడవున, గింజ మొలకలా. ఒక్కడే! శిష్యుడూ లేడు, గిష్యుడూ లేడు. ప్రొఫెసరు రుమాలంతా వృథా.

మరి గీతల చివరలు ఎందుకు మొద్దయ్యాయి? అదీ నాకు తెలుసుననే అనిపించింది. కానీ గట్టిగా చెప్పుకోవాలంటే నాన్ననే అడగాలి. వాళ్ళు సుత్తి లేకుండా ఉలిని అరచేత్తోనే తోస్తారని చెప్పి, బొమ్మల్లో గీతలు ఎలా ఉన్నాయో పెన్సిలుతో పెద్దవిగా గీసి, ఇదంతా ఒక పుస్తకంలో వేస్తారట నాన్నా అని కూడా రాసి, ఉత్తరం పోస్ట్ చేశాను.

జవాబు ఐదు వారాలకి వచ్చింది. నీలం ఏరోగ్రామ్, మడతల్లో కూడా రాసిన అక్షరాలు. చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది అని మొదలుపెట్టి, క్షేమ సమాచారాలు రెండు ముక్కల్లో ముగించి, పనిలోకి దిగిపోయాడు.

"వాళ్ళు సుత్తి వాడరా? అరచేత్తో తోస్తారా? అయితే భారమంతా బొటనవేలి మీదే. గీత చివర ఉలిని పైకి లేపేది బొటనవేలే అమ్మాయ్. అది పనిచెయ్యకపోతే గీతకి తోక సన్నబడదు, తెగిపోతుంది. ఆ మనిషికి వేలు దెబ్బ తింది. నాకు బొటనవేలి గోరు ఊడిన ఏడాది ఏమైందో నీకు తెలుసుగా. నువ్వు పదో క్లాసు పాసైనప్పుడు చెక్కిన చెంబూ, నీ పెళ్ళి గిన్నే పక్కపక్కన పెట్టి చూడు. రెండూ నావే. పాపం ఆ మహానుభావుడు నొప్పితోనే చేసి ఉంటాడు. ఐదు బొమ్మలు చేశాడంటే గట్టివాడే."

ప్రపంచంలో ఇన్ని యూనివర్సిటీల్లో ఇంతమంది పండితులు ఆ మాస్టరు గురించి రాశారు కదా, ఆ మనిషికి నొప్పి పుట్టి ఉంటుందని ఒక్కడికైనా తట్టిందా? మా నాన్నకి ఏరోగ్రామ్ మీద తట్టింది.

ఇంక ఉత్తరం చివర, మడత మీద, చోటు చాలక ఇరికించిన నాలుగు మాటలు. "ఆ పుస్తకంలో నేను చెప్పానని వేస్తారా? వేస్తే పేరు ఇలా వెయ్యమను." దాని కింద పైనొక గీతా కిందొక గీతా గీసుకుని, మధ్యలో ఇంటిపేరుతో సహా తన పేరు, ఇంగ్లీషు పెద్దక్షరాల్లో. గిన్నె మీద చెక్కే ముందు పెన్సిలుతో ఎలా గీసుకునేవాడో అచ్చం అలాగే. మా నాన్న జన్మలో నన్ను అడిగింది అదొక్కటే. చీరలు పంపమనలేదు, వాచీ తెమ్మనలేదు.

"తప్పకుండా వేయించు" అన్నాడు మా ఆయన ఉత్తరం చదివి. "ఇంతకంటే ఏం కావాలి ఆయనకి?"

"వేయిస్తాను, అందులో ఏముంది" అన్నాను. నిజంగానే అనుకున్నాను.

ఇక్కడ డాక్టరమ్మ సంగతి చెప్పాలి. క్యారీ చుట్టుపక్కల అప్పట్లో ఉన్న కొద్దిమంది తెలుగువాళ్ళకి మహారాణి ఆవిడ. ఆవిడ డాక్టరు కాదు, వాళ్ళాయన డాక్టరు. మా అందరినీ నెలకోసారి వాళ్ళింట్లో డిన్నర్‌కి పిలిచేది. బేస్‌మెంట్‌లో కార్పెట్ మీద కూర్చుని అందరూ చెప్పుకునేవి ఒకటే, మా తాతగారికి ఇన్ని ఊళ్ళ మీద పెత్తనం, మా నాన్నగారు కలెక్టరు దగ్గర కుర్చీలో కూర్చునేవారు. వాళ్ళ మాట వింటే మన దేశంలో చెప్పులు కుట్టినవాడు, గడ్డం గీసినవాడు, గిన్నె తోమినవాడు ఒక్కడూ పిల్లల్ని కనలేదనుకోవాలి. మొట్టమొదటి డిన్నర్‌లో నన్నడిగింది, "ఏమ్మా, మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని. నేను వెంటనే, "బ్రాస్ బిజినెస్ అండీ" అన్నాను. మా ఆయన నా వంక చూసి, చిప్స్ గిన్నెలో చెయ్యి పెట్టాడు. ఇంటికెళ్ళేటప్పుడు కార్‌లో "ఎందుకలా చెప్పావు?" అన్నాడు. "మెట్టు మీద కూర్చున్నా కొట్టు కొట్టే కదా" అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అలాంటి డాక్టరమ్మ మా మ్యూజియంలో వాలంటీర్ గైడ్‌గా చేరింది. మంగళవారాలు పట్టుచీర కట్టుకొచ్చి, స్కూలు పిల్లలకి వాళ్ళ దేవుళ్ళ కథలు చెప్పేది. బంగారు వాన దగ్గరకొచ్చేసరికి గబగబా దాటించేసేది పాపం.

చెంబూ పెళ్ళి గిన్నే సంచిలో పెట్టుకుని క్యూరేటరమ్మ దగ్గరికి వెళ్ళాను. మంగళవారమని నేను ఏరి కోరి వెళ్ళలేదు. ఆ వారం ప్రొఫెసరు మంగళవారం వస్తున్నాడు కాబట్టి ఆవిడే ఆ రోజు రమ్మంది. బల్ల మీద నల్లగుడ్డ పరిచి, రెండూ పక్కపక్కన పెట్టాను. తెల్లని గ్లవుజులేసుకుని పెళ్ళి గిన్నెని పట్టుకుంది ఆవిడ. నేను పొద్దున్నే దాంట్లో పెరుగు తోడేసుకునేదాన్ని. చెంబు మీద అక్షరాల చివరలు చూపించాను, సన్నగా. గిన్నె మీద చూపించాను, మొద్దుగా. రెండింటి మీదా జారుళ్ళు చూపించాను. తర్వాత బొమ్మలు. అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి కాబట్టి అద్దం పెట్టి చూపించాను. క్యూరేటరమ్మ భూతద్దంలోంచి తల ఎత్తలేదు చాలాసేపు. చెప్పకేం, ఆవిడ బుర్రున్న మనిషి.

ప్రొఫెసరు మాత్రం తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అన్నాడు. "వంటపాత్రల సాక్ష్యం!" అని నవ్వాడు. నవ్వి, అద్దంలో ఒకసారి చూసి, రెండోసారి చూసి, నవ్వడం మానేశాడు. ఓ పావుగంటకి, "నాకు మొదట్నుంచీ ఈ అనుమానం లేకపోలేదు" అన్నాడు. సిగ్గుండాలి!

అప్పటికి తలుపు దగ్గర గైడ్‌లు నలుగురైదుగురు పోగయ్యారు. ముందు వరసలో పట్టుచీర. గిన్నెలు చూడగానే డాక్టరమ్మ కళ్ళు మెరిశాయి. "అయ్యో, ఇవి మన స్టీలు గిన్నెలు కదా! పేర్లు కొట్టిస్తాం చూడు, ఆ బజారువాళ్ళ చేత!" అంది తెలుగులో, గట్టిగా. ఆ 'బజారువాళ్ళ' అన్న మాట నాకిప్పటికీ చెవిలో ఉంది.

క్యూరేటరమ్మ నోట్‌బుక్ తెరిచి పెన్ను తీసింది. "ఇది చెక్కినదీ, నీకు ఈ విషయం చెప్పిందీ ఒకరేనా? ఆయన పేరు పుస్తకంలో ఉండాలి. నాకు అక్షరం అక్షరం చెప్పు, తప్పు రాయడం నాకిష్టం లేదు" అంది.

నిన్నగాక మొన్నటి దాకా వీళ్ళకి మన పేర్లంటే లెక్కలేదని నేను నోరు పారేసుకున్నదాన్ని. ఇదిగో, పెన్ను పట్టుకుని కూర్చుందావిడ. అక్షరం అక్షరం చెప్పమంది. నాన్న ఉత్తరం నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంది. తీసి చూపిస్తే చాలు, నోరు కూడా విప్పక్కర్లేదు. డాక్టరమ్మ నా వంకే చూస్తోంది, నవ్వుతూ. ఆ నవ్వులో విషమేమీ లేదు, ఊరికే చూస్తోంది, అంతే. నా పుట్టింటి పేరేమిటో ఆవిడకి తెలుసు. పేరు బయటపెడితే నెల తిరిగేసరికి బేస్‌మెంట్‌లో కార్పెట్ మీద ఏం మాట్లాడుకుంటారో నాకు కనపడింది.

"తెలీదండీ" అన్నాను. "బజార్లో ఎవరో. మా దేశంలో అలాంటివాళ్ళు పేర్లు పెట్టుకోరు."

క్యూరేటరమ్మ పెన్ను ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆవిడ ముఖం వెలిగిపోయింది. "ఆయన కూడా అజ్ఞాతుడేనా!" అంది. ప్రొఫెసరైతే మళ్ళీ రుమాలు తీశాడు. పేరు తెలియని మాస్టరుని పేరు తెలియని పనివాడు ఇన్ని వందల ఏళ్ళ తర్వాత గుర్తుపట్టాడు, ఎంత అందం, ఎంత అందం, అని ఇద్దరూ మురిసిపోయారు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టే. నేనూ తలూపాను. గిన్నెలు సంచిలో పెట్టుకున్నాను. డాక్టరమ్మ నా భుజం తట్టి, "భలే గుర్తుపెట్టుకున్నావే ఇవన్నీ" అంది.

ఇంటికొచ్చి మా ఆయనతో "చెప్పాను" అన్నాను. ఏం చెప్పానో చెప్పలేదు.

ఏదో ఆ రోజు నోరు జారిందిలే, మనిషన్నాక జారదా అని ఎవరైనా నన్ను వెనకేసుకొస్తారేమోనని ఇది కూడా చెప్తున్నాను. రెండు నెలల తర్వాత క్యూరేటరమ్మ అచ్చుకి వెళ్ళబోయే కాగితాలు నా బల్ల మీద పెట్టింది. నీ దేశం గురించి రాసినచోట తప్పులుంటే దిద్దు అంది. పదిరోజులు నా దగ్గరే ఉన్నాయి. అప్పుడు డాక్టరమ్మ లేదు, ప్రొఫెసరు లేడు, ఎవరూ లేరు, నేనూ నా ఎర్రపెన్సిలూ. ఎర్రపెన్సిలుతో ఆంధ్ర అన్నచోట ఒక అక్షరం దిద్దాను. స్టీలు అనాల్సిన చోట ఇత్తడి అని ఉంటే కొట్టేశాను. "పేరు తెలియని ఒక భారతీయ పనివాడు" అన్న మాటలు నాలుగుసార్లు చదివి, పేజీ తిప్పేశాను. ఛీ, ఎవరో శిష్యుడు గుర్తు దొంగిలించాడని ప్రొఫెసరు కల్పిస్తే పగలబడి నవ్వినదాన్ని నేను!

పుస్తకం వచ్చింది. బరువైన కాగితం, మంచి అచ్చు. అందులో నాకూ కృతజ్ఞతలున్నాయి, పేరుతో సహా, తప్పుల్లేకుండా. దాన్ని ఇంట్లో బట్టల అల్మారా పైన పెట్టాను, నాన్నకి పంపే ఉద్దేశం లేక. ఎప్పుడు అడిగినా ఇంకా అచ్చవుతోంది నాన్నా అని రాద్దామనుకున్నాను. అమెరికాలో అచ్చు ఆలస్యమని ఆయనకేం తెలుస్తుంది?

కానీ మా ఆయన ఉన్నాడే, మంచివాడు. సూట్‌కేస్ కోసం అల్మారా పైన వెతికితే ఆయనకి పుస్తకం దొరికింది. నేను మర్చిపోయాననుకున్నాడు. నన్ను సర్‌ప్రైజ్ చేద్దామని, లోపల తెరిచి కూడా చూడకుండా, చక్కగా ప్యాక్ చేసి మా నాన్నకి పార్సిల్ పంపేశాడు. పంపిన వారానికి నాకు చెప్పాడు, ముఖం చాటంత చేసుకుని. నేను స్టవ్ వైపు తిరిగి నిలబడ్డాను. ఓడలో వెళ్ళే పార్సిల్ అది. మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ నేను రోజూ అది సముద్రంలో మునిగిపోవాలని దణ్ణం పెట్టుకున్నాను.

మునగలేదు. నాన్న ఉత్తరం వచ్చింది.

"పుస్తకం అందింది. అల్లుడుగారికి నా దీవెనలు చెప్పు. బొమ్మలు చాలా బాగున్నాయి. ఆ చెట్టు పిల్ల వేళ్ళ దగ్గర ఉలి ఎలా తిప్పాడో నాకు అంతు చిక్కలేదు. నా పేరు కోసం మొదట్నుంచి చివరిదాకా చూశాను. అక్షరాలు మరీ సన్నం, నా కంటికి ఆనలేదనుకుని కొట్టుకి తీసుకెళ్ళాను. షావుకారు చదివాడు. పేరు తెలియని పనివాడు అని వేశారట. షావుకారు నవ్వాడు. నేనన్నాను, దేశంకాని దేశం, మన పేరు వాళ్ళకి నోరు తిరగదు, మా అమ్మాయి చెప్పే ఉంటుంది, వాళ్ళే వెయ్యలేదు, అని. నువ్వు చెప్పే ఉంటావు. దాని గురించి మనసు కష్టపెట్టుకోకు. ఆ పెద్దాయనదే తెలియలేదు కదా, నాదెంత."

వంటింట్లో నిలబడే చదివాను. పెళ్ళి గిన్నె స్టాండ్‌లో బోర్లించి ఉంది. దాని మీద నా పేరూ మా ఆయన పేరూ, ఆ మొద్దు తోకల అక్షరాలూ. ఏడ్చాను, లేదనను. ఏడ్చి ముఖం కడుక్కుని, కాగితం తీసుకుని కూర్చున్నాను.

ఉత్తరం రాయడానికి ఎక్కువసేపు పట్టలేదు. నిజం రాద్దామని పెన్ను పెట్టాను, దేవుడి తోడు. మొదటి వాక్యం అనుకున్నట్టే వచ్చింది, నాన్నా నన్ను క్షమించు అని. ఆ కాగితం చింపేసి ఇంకొకటి తీసుకున్నాను. "అవును నాన్నా, చెప్పాను. అక్షరం అక్షరం చెప్పాను. వాళ్ళే వెయ్యలేదు" అని రాశాను. స్టాంపు అంటించి, ఆ మధ్యాహ్నమే పోస్ట్ చేశాను.

ఆయన నమ్మాడు. ఆ ఉత్తరం కొట్టుకి తీసుకెళ్ళి, నవ్వినందుకు షావుకారు చేత గట్టిగా పైకి చదివించాడట.